రోజుకు ఒక గంట దొరికితే ఏ గేమ్ ఆడాలి? పేరుతో పాటు కారణం కూడా రాయండి

పాతజాయ్‌స్టిక్:
అందరికీ నమస్కారం. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ గేమ్స్ మొదలుపెడదామనుకుంటున్నాను. పిల్లలు పడుకున్నాక రాత్రి ఓ గంట దొరుకుతుంది, ఒక్కోరోజు అదీ ఉండదు. మామూలు లాప్‌టాప్, విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేదు. కంట్రోలర్ ఉంది. నెట్‌లో వెతికితే "చచ్చేలోగా ఆడాల్సిన వంద గేమ్స్" లాంటి జాబితాలే వస్తున్నాయి. ఒక పేరు, ఒక బొమ్మ, కింద "అద్భుతం" అనే మాట. దాన్నిబట్టి నాకు ఏం తెలుస్తుంది? మీకు ప్రాణమైన గేమ్ ఒకటో రెండో చెప్పండి. మొదటి రెండు గంటలు ఎలా ఉంటాయి, మధ్యలో ఆపితే ఏమవుతుంది, ఎవరికి నచ్చదు, ఇవి రాస్తే చాలు. కథ ఉంటే ఇష్టం. కాల్పుల గేమ్స్ మీద పెద్దగా మోజు లేదు.

మట్టిదారి:
గంట అన్నారు కాబట్టి నా ఓటు పొలం సాగుచేసుకునే గేమ్ స్టార్‌డ్యూ వ్యాలీకి. అందులో ఒక రోజు పొద్దున ఆరింటికి మొదలై అర్ధరాత్రి దాటాక రెండింటికి ముగుస్తుంది. మన గడియారంలో అది 14 నిమిషాల పైచిలుకు. నిద్రపోతేనే సేవ్ అవుతుంది. అంటే మీ గంటలో నాలుగు రోజులు హాయిగా గడుస్తాయి. మధ్యలో ఎవరైనా పిలిస్తే మెనూ తెరవండి, కాలం ఆగుతుంది. ఆ రోజు పూర్తికాకుండా గేమ్ మూసేస్తే మాత్రం పొద్దుటి నుంచి చేసిందంతా పోతుంది.

మొదట్లో ఉన్నదల్లా తాత వదిలి వెళ్లిన బీడు. రాళ్లు ఏరడం, కలుపు కొట్టడం, గుప్పెడు విత్తనాలు నాటడం. మధ్యాహ్నానికే ఒంట్లో శక్తి అయిపోతుంది, ఇక ఊళ్లో తిరగడమే. చేపలు పట్టడం మొదట్లో చాలామందిని ఏడిపిస్తుంది, రెండు లెవెల్స్ పెరిగాక చేతికొస్తుంది. "లక్ష్యం ఏమిటి, ఎప్పుడు గెలుస్తాను" అని అడిగేవాళ్లకు ఇది నచ్చదు.

2016లో వచ్చిన ఈ గేమ్‌కి కోడ్, బొమ్మలు, సంగీతం, మాటలు అన్నీ ఎరిక్ బారోన్ ఒక్కరే నాలుగేళ్లకు పైగా కూర్చుని చేశారు. ఆ తర్వాత వచ్చిన పెద్ద అప్‌డేట్స్ కూడా ఉచితంగానే ఇచ్చారు. ఈ మాట తెలిశాక ఆ పొలంలో వాన పడే రోజు సంగీతాన్ని నేను వేరేగా వింటున్నాను.

ఆరోబటన్:
హాలో నైట్. 2017లో ఆస్ట్రేలియాకు చెందిన టీమ్ చెర్రీ అనే చిన్న బృందం చేసింది. మీ లాప్‌టాప్‌లో నడవాలి. చేత్తో గీసిన బొమ్మలు, భూమి లోపల కూలిపోయిన పురుగుల రాజ్యం. కథ ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, గోడల మీద రాతల్లోంచి, పిచ్చెక్కిన కాపలావాళ్ల మాటల్లోంచి మీరే పట్టుకోవాలి. బాస్ ఫైట్స్, అంటే పెద్ద శత్రువులతో పోరాటాల గురించి చెప్పాలంటే ఒక రాత్రి చాలదు.

చివరిబెంచీ:
ఆరోబటన్ గారూ, ఆయన అడిగిన మూడింట్లో మీరు ఒక్కటీ చెప్పలేదు. నాకూ హాలో నైట్ ఇష్టమే, కానీ పని చేసి అలసిపోయి గంటసేపు కూర్చునే మనిషికి అది ఎలా ఉంటుందో చెప్పాలి కదా. చచ్చిపోతే మీ డబ్బంతా చచ్చిన చోటే ఉండిపోతుంది. మీ నీడ అక్కడ తిరుగుతూ ఉంటుంది, వెళ్లి దాన్ని కొట్టి తెచ్చుకోవాలి. దారిలో మళ్లీ చచ్చారా, ఆ డబ్బు పోయినట్టే. దారి తెలియక తిరుగుతూనే గంట గడిచిపోయే రోజులుంటాయి. ఇది ముందే చెబితే కొనేవాడికి మేలు.

ఆరోబటన్:
సరే, ఒప్పుకుంటున్నాను, వివరంగా రాస్తాను.

మొదటి రెండు గంటలు నెమ్మదిగానే ఉంటాయి. చేతిలో ఒక చిన్న మేకు, దూకడం, కొట్టడం, అంతే. డ్యాష్, అంటే ఒక్కసారిగా ముందుకు దూసుకెళ్లే శక్తి, దొరికేదాకా కాళ్లకు బంధం వేసినట్టు ఉంటుంది. చాలామంది ఇక్కడే ఆపేస్తారు, నాకు బాధ కలిగేది అందుకే.

దారి సంగతి. కొత్త చోటికి వెళ్లినప్పుడు చేతిలో మ్యాప్ ఉండదు. చీకట్లో వెళ్తుంటే నేల మీద అక్కడక్కడా కాగితాలు పడి ఉంటాయి. ఇంకాస్త ముందుకెళ్తే ఎవరో కూనిరాగం తీస్తుంటారు. ఆ రాగం పెద్దదవుతున్న వైపు వెళ్తే కార్నిఫర్ కనిపిస్తాడు, మ్యాప్ అమ్మేది అతనే. అదీ సగం గీసిన మ్యాప్. మిగతాది మీరు తిరిగి, బెంచీ మీద కూర్చున్నప్పుడు పూర్తవుతుంది. అందుకు కలం కొనాలి. మీరెక్కడున్నారో మ్యాప్‌లో కనిపించాలంటే దిక్సూచి కొని తగిలించుకోవాలి. ఇన్ని తిప్పలు ఎందుకు పెట్టారంటే, తప్పిపోయానన్న భయం ఉన్నప్పుడే ఆ కూనిరాగం విని ప్రాణం లేచొస్తుంది. ఇంకే గేమ్‌లోనూ మ్యాప్ దొరికినందుకు అంత సంతోషపడలేదు నేను.

ఆపడం గురించి: ఎప్పుడైనా మూసేయొచ్చు. దొరికినవన్నీ ఉంటాయి, తిరిగి వచ్చినప్పుడు ఆఖరున కూర్చున్న బెంచీ దగ్గర లేస్తారు. కానీ రెండు వారాలు గ్యాప్ ఇస్తే ఎటు వెళ్లాలనుకున్నారో గుర్తుండదు. మ్యాప్ మీద గుర్తులు పెట్టుకునే పిన్స్ అమ్ముతారు, అవి తప్పక కొనండి.

నీలిగవ్వ:
నాకు రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ అంటే ప్రాణం. మీ లాప్‌టాప్‌కు, మీ గంటకు రెండింటికీ సరిపోతుంది.

1807వ సంవత్సరం. కొన్నేళ్ల కిందట సముద్రంలో మాయమైన ఓడ ఒకటి ఒక్క మనిషి కూడా లేకుండా రేవుకు తిరిగొస్తుంది. మీరు ఈస్టిండియా కంపెనీ పంపిన ఇన్సూరెన్స్ ఇన్‌స్పెక్టర్. మీ చేతిలో ఒక పుస్తకం, ఒక జేబు గడియారం. శవం దగ్గర గడియారం తెరిస్తే ముందు తెర మొత్తం నల్లబడుతుంది. మాటలు వినిపిస్తాయి, కాళ్ల చప్పుడు, ఒక అరుపు. తర్వాత ఆ మనిషి ప్రాణం పోయిన క్షణం గడ్డకట్టి మీ ముందు నిలబడుతుంది, దాని చుట్టూ నడిచి చూడొచ్చు. ఓడలో ఉన్న 60 మందిలో ఎవరు ఎవరు, ఎవరికి ఏమైంది అన్నది పుస్తకంలో మీరే నింపాలి. తుపాకీ పేలిన క్షణంలోకి వెళ్తే అందరూ పేల్చినవాణ్నే చూస్తారు. మీరు వెనక్కి తిరగండి. దూరంగా మెట్ల మీద నిలబడ్డవాడు ఏ బట్టలు వేసుకున్నాడు, పక్కన ఎవరున్నారు, అక్కడే జవాబు ఉంటుంది.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు, ముగ్గురి సంగతి సరిగ్గా రాస్తే తప్ప అది ఒప్పని గేమ్ చెప్పదు. అందుకే గుడ్డిగా ఊహించి గట్టెక్కడం కష్టం. లూకాస్ పోప్ చేసింది, 2018లో వచ్చింది. తెలుపు నలుపు చుక్కలతో పాత కంప్యూటర్ తెరలా ఉంటుంది. కొందరికి దాంతో కళ్లు నొప్పి పుడతాయి, వాళ్లకు వద్దు. ఇంకో మాట, నెలరోజుల గ్యాప్ ఇవ్వకండి. ముఖాలు మర్చిపోతారు.

రెండోది ఔటర్ వైల్డ్స్. దీనికి గ్రాఫిక్స్ కార్డ్ ఉంటేనే బాగుంటుంది కాబట్టి తర్వాతెప్పుడైనా ఆడండి. దాని గురించి ఏమీ చదవకండి, వీడియో చూడకండి. ఇంతకంటే నేను చెప్పను.

తోకచుక్క:
నీలిగవ్వ గారూ, ఔటర్ వైల్డ్స్ గురించి అందరూ ఇదే మాట అంటారు, "ఏమీ తెలుసుకోకండి" అని. దీని వల్ల ఎంతమంది ఆ గేమ్ జోలికే పోకుండా ఉండిపోయారో! కనీసం ఇదైనా చెప్పాలి: ప్రతి 22 నిమిషాలకు మీరు మొదలైన చోటే మళ్లీ కళ్లు తెరుస్తారు. మీకు తెలిసింది తప్ప ఇంకేదీ మీతో రాదు. నాకు ఈ సంగతి ముందే తెలుసు. తెలియకపోయుంటే మొదటిసారి జరిగినప్పుడు గేమ్ క్రాష్ అయిందనుకునేవాణ్ని.

నీలిగవ్వ:
అయ్యో, ఆ మొదటిసారి ఏం జరుగుతుందో తెలియకుండా ఆకాశం వైపు చూడటం ఒక్కసారే దొరికే అనుభవం. దాన్ని మీరు ఆయన దగ్గర్నుంచి తీసేసుకున్నారు.

తోకచుక్క:
అది మొదటి అరగంటలో తెలిసిపోయే సంగతి. దాన్ని దాచి, ఆ తర్వాతి అద్భుతాన్నంతా ఆయనకు దక్కకుండా చేయడం కంటే చెప్పడమే మంచిదని నా నమ్మకం. ఆ 22 నిమిషాలు ఎందుకు, ఎవరి వల్ల అన్నది నేను చెప్పలేదు, చెప్పను కూడా.

చివరిబెంచీ:
నా ఉద్దేశంలో ఇద్దరూ చెప్పింది నిజమే కానీ వేర్వేరు మనుషులకు. ఎలాగూ ఆడబోతున్న మనిషికి నీలిగవ్వ గారి మాట. ఆడాలా వద్దా అని ఊగుతున్నవాళ్లకు తోకచుక్క గారి మాట. గేమ్ ఏ నియమం మీద నడుస్తుందో చెప్పొచ్చు, ఆ నియమం వెనకున్న రహస్యం చెప్పకూడదు. నేను స్నేహితులకు చెప్పేటప్పుడు గీసుకునే గీత అదే. అన్నట్టు, ఔటర్ వైల్డ్స్ వచ్చిన 2019లోనే ది ఔటర్ వరల్డ్స్ అని ఇంకో గేమ్ వచ్చింది. అది తుపాకుల ఆర్‌పీజీ (ఒక పాత్రను మనకు నచ్చినట్టు పెంచుకుంటూ ఆడే గేమ్), దీనికీ దానికీ సంబంధం లేదు. కొనేటప్పుడు పేరు రెండుసార్లు చూసుకోండి.

పాతజాయ్‌స్టిక్:
నాకు చెప్పడమే మంచిదయింది తోకచుక్క గారూ. 22 నిమిషాలు అనగానే మనసు లాగింది. నీలిగవ్వ గారూ, మిగతాదేదీ చదవను, మాట.

నెమ్మదివేళ్లు:
ఇక్కడ ఎవరూ చెప్పని ఒక సంగతి. నాకు మణికట్టు నొప్పి ఉంది, వేగంగా బటన్స్ నొక్కలేను. అందుకని యాక్షన్ గేమ్స్ అన్నీ నాకు మూసుకుపోయాయనుకున్నాను. సెలెస్ట్ ఆడాక ఆ అభిప్రాయం పోయింది.

కొండ ఎక్కే అమ్మాయి కథ అది, 2018లో వచ్చింది. దూకడం, గోడ పట్టుకోవడం, గాల్లో ఒక డ్యాష్. చాలా కష్టమైన గేమ్. కానీ అందులో అసిస్ట్ మోడ్ ఉంది. గేమ్ వేగాన్ని సగం దాకా తగ్గించుకోవచ్చు, గోడ పట్టుకున్నప్పుడు అలసట లేకుండా చేసుకోవచ్చు, కావాలంటే అసలు చావే లేకుండా పెట్టుకోవచ్చు. నేను వేగం 70 శాతానికి పెట్టుకుని ఆడాను, కొండ చివరిదాకా ఎక్కాను. ఆ మోడ్ వాడినందుకు గేమ్ మనల్ని ఎక్కడా తక్కువ చేయదు.

మామూలు మోడ్‌లో కూడా ఆటగాడి వైపు నిలబడే గేమ్ అది. అంచు దాటి కాలు గాల్లోకి వెళ్లిపోయాక కూడా రెప్పపాటు సేపు దూకనిస్తుంది. దీన్ని కయోటీ టైమ్ అంటారు. మనకు తెలియకుండానే గేమ్ మన పొరపాటును సర్దేస్తుంది. చచ్చిన క్షణంలోనే మళ్లీ ఆ తెర మొదట్లో నిలబడతాం, లోడింగ్ ఉండదు. అందుకే కోపం రాదు.

హేడిస్‌లో కూడా గాడ్ మోడ్ ఉంది. పెట్టుకుంటే దెబ్బ 20 శాతం తగ్గుతుంది, చచ్చిన ప్రతిసారీ ఇంకో 2 శాతం, అలా 80 శాతం దాకా. చచ్చాకే కథ ముందుకు సాగే గేమ్ కాబట్టి ఆ ఏర్పాటు దానికి బాగా అతికింది. పాతాళం నుంచి పారిపోవాలనుకునే కొడుకు, పంపనని పట్టుబట్టే తండ్రి. ఇంటికి తిరిగొచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు కొత్తగా మాట్లాడతారు.

ఆరోబటన్:
నెమ్మదివేళ్లు గారూ, మీ విషయంలో నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. కానీ చేతులు బాగున్నవాళ్లు మొదటి దెబ్బకే అసిస్ట్ ఆన్ చేస్తే ఆ కొండ ఎక్కిన తృప్తి దొరకదేమో. ఆ గేమ్ కథే కష్టం గురించి.

నెమ్మదివేళ్లు:
ఎవరికి ఎంత కష్టమో బయటివాళ్లకు తెలియదు కదండీ. పగలంతా పని చేసి వచ్చిన మనిషికి 90 శాతం వేగమే పెద్ద కొండ. మీరు 100లో ఎక్కారు, నేను 70లో ఎక్కాను, చివరి అధ్యాయంలో సంగీతం మారినప్పుడు ఇద్దరికీ ఒళ్లు జలదరించే ఉంటుంది.

ఆరోబటన్:
ఆ మాట నిజం. నాకూ జలదరించింది.

కార్డులకట్ట:
కథ అడిగారు గానీ, కథ లేని ఒకటి కూడా దగ్గర పెట్టుకోండి, అరగంటే దొరికిన రాత్రుల కోసం. స్లే ది స్పైర్. చేతిలో కార్డులు, ఎదురుగా శత్రువు. వాడు ఈ వంతులో కొడతాడా, ఎంత కొడతాడు అన్నది తల మీదే రాసి ఉంటుంది. కాబట్టి ఓడితే అదృష్టాన్ని తిట్టుకోవడానికి తక్కువ, ఆలోచించడానికి ఎక్కువ. ఎక్కడ మూసేసినా ఫర్వాలేదు, ఆ పోరు మొదటి నుంచి మొదలవుతుంది, అంతకు ముందువన్నీ భద్రం.

కొత్తవాళ్లకు ఒక సలహా: గెలిచిన ప్రతిసారీ ఇచ్చే కార్డు తీసుకోవాలని లేదు. కట్ట లావైతే కావాల్సిన కార్డు చేతికి రాదు. "వద్దు" అనడం వచ్చిన రోజున ఈ గేమ్ మీకు వచ్చినట్టే.

ఇంటూ ది బ్రీచ్ కూడా ఇలాంటిదే, 8 గళ్లు అడ్డం, 8 గళ్లు నిలువు. శత్రువు ఎక్కడ కొట్టబోతున్నాడో ముందే కనిపిస్తుంది. వాణ్ని చంపక్కర్లేదు, ఒక గడి పక్కకు తోస్తే తన దెబ్బ తనవాడికే తగులుతుంది. ఆ ఒక్క ఎత్తు కోసం పది నిమిషాలు తెర వైపు చూస్తూ కూర్చోవచ్చు.

రెండోప్లేయర్:
ఇంట్లోవాళ్లతో కలిసి ఆడే ఉద్దేశం ఉంటే ఇది చదవండి. ఇట్ టేక్స్ టూ గురించి వినే ఉంటారు. 2021లో గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏడాది ఉత్తమ గేమ్‌గా నిలిచింది. ఇద్దరు లేనిదే ఆడలేరు. ఒకరు కొంటే ఆన్‌లైన్‌లో రెండోవాళ్లు ఫ్రెండ్స్ పాస్‌తో ఉచితంగా ఆడొచ్చు. ఒక చోట ఒకరి చేతిలో మేకులు, ఇంకొకరి చేతిలో సుత్తి. ఇంకో చోటికి వెళ్లేసరికి అవి పోయి పూర్తిగా వేరేవి వస్తాయి. అయితే మీ లాప్‌టాప్‌లో కష్టం. పోర్టల్ 2 మాత్రం నడుస్తుంది, 2011 నాటిది. అందులో ఇద్దరు ఆడటానికి రెండు రోబోలతో విడిగా మొత్తం ఒక కథే ఉంది.

కానీ అసలు చెప్పాలనుకున్నది వేరే. ఎప్పుడూ కంట్రోలర్ పట్టని మనిషికి మనం మొదట ఇచ్చేది త్రీడీ గేమ్. ఎడమ స్టిక్‌తో నడవాలి, కుడి స్టిక్‌తో చూపు తిప్పాలి, రెండూ ఒకేసారి. మనకు అలవాటైపోయి అది కష్టమని గుర్తే రాదు. వాళ్లు కాసేపు నేలనో ఆకాశాన్నో చూసి, "ఇది నా వల్ల కాదు" అని కంట్రోలర్ పక్కన పెట్టేస్తారు. చూపు తిప్పే పని లేని గేమ్‌తో మొదలుపెట్టాలి. స్టార్‌డ్యూ వ్యాలీలో ఒకే తెర మీద ఇద్దరు ఆడొచ్చు, మా ఇంట్లో అక్కడే మొదలైంది.

మాటలమూట:
డిస్కో ఎలిజియం పేరు ఇంకా రాలేదంటే ఆశ్చర్యంగా ఉంది. 2019. హత్య కేసు చూడాల్సిన డిటెక్టివ్ తన పేరు కూడా మర్చిపోయి నిద్ర లేస్తాడు. కత్తులు, కాల్పుల కోసం విడిగా ఫైటింగ్ ఉండదు, అంతా సంభాషణే. మీ బుర్రలోని 24 లక్షణాలు మనుషుల్లా మాట్లాడతాయి, ఒకదానితో ఒకటి గొడవపడతాయి, ఒక్కోసారి అబద్ధం చెబుతాయి. ముందే చెప్తున్నాను, ఇంగ్లిష్ చదవడం చాలా ఉంటుంది, అదీ బరువైన ఇంగ్లిష్. నిద్రమత్తులో ఆడే గేమ్ కాదు. సెలవురోజు పొద్దున ఆడండి.

గుర్రంబండి:
ఎప్పటికైనా గ్రాఫిక్స్ కార్డ్ కొంటే విచర్ 3. 2015లో వచ్చినా ఇప్పటికీ నా లెక్కలో అదే మొదటిది. చాలా పెద్ద గేమ్, గంట గంట ఆడితే నెలలు పడుతుంది. కానీ సేవ్ లోడ్ చేసేటప్పుడు ఇప్పటిదాకా కథ ఎక్కడికొచ్చిందో ఒక గొంతు చెబుతుంది. గ్యాప్ ఇచ్చి ఆడేవాళ్లకు అది వరం. మొదటి ఊరిని బట్టి నిర్ణయించుకోకండి. వెలెన్ అనే ప్రాంతం చేరి, తప్పిపోయిన భార్యను, కూతుర్ని వెతికిపెట్టమని అక్కడి బారన్ అడిగేదాకా ఆగండి. ఆ పని తర్వాత మంచివాడు, చెడ్డవాడు అన్న లెక్క నా మనసులో చాలాసేపు కుదుటపడలేదు.

చివరిబెంచీ:
ఆన్‌లైన్‌లో గేమ్స్ అమ్మే స్టీమ్‌లో కొనేవాళ్లకు ఒక మాట. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. మన లాప్‌టాప్‌లో నడుస్తుందో లేదో తేల్చుకోవడానికి అది చాలు. కానీ ఆ రెండు గంటలతోనే గేమ్ మంచిచెడ్డలు తేల్చేయకండి. ఇక్కడ చెప్పినవాటిలో సగం రెండో గంట తర్వాతే నిజంగా మొదలవుతాయి. ఇంకో సంగతి, మొదటి రాత్రే పెద్ద గేమ్ మొదలుపెట్టలేమనుకుంటే ఎ షార్ట్ హైక్ ఆడండి. ఫోన్ సిగ్నల్ కోసం కొండెక్కే పక్షి కథ. రెండు గంటల్లో అయిపోతుంది, కానీ దారిలో కనిపించిన ప్రతివాళ్లతో మాట్లాడుతూ వెళ్తేనే దాని అందం.

పాతజాయ్‌స్టిక్:
ఇన్ని వివరాలు వస్తాయనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. ఎ షార్ట్ హైక్ అయిపోయింది. శిఖరం మీదకు చేరాక వచ్చే ఆ ఫోన్ కాల్ కోసమైనా అందరూ ఆడాలి. దిగేటప్పుడు నడవలేదు, రెక్కలు చాపి తేలుతూ వచ్చాను.

ఇప్పుడు ఓబ్రా డిన్‌లో ఉన్నాను. నీలిగవ్వ గారు చెప్పినట్టు వెనక్కి తిరిగి చూడటం మొదలుపెట్టాక ఆట రూపమే మారిపోయింది. మొదటి ముగ్గురి పేర్లు ఖాయమైనప్పుడు ఆ సంగీతం! పక్కన ఒక కాగితం పెట్టుకుని ముఖాల గుర్తులు రాసుకుంటున్నాను. దీని తర్వాత హాలో నైట్ అనుకుంటున్నాను. కానీ దాని తర్వాతి గేమ్ సిల్క్‌సాంగ్ కూడా వచ్చింది కదా, నేరుగా అది ఆడితే?

ఆరోబటన్:
2025 సెప్టెంబర్‌లో వచ్చింది, నాకు చాలా నచ్చింది, అయినా నేరుగా వద్దు. మొదటి గేమ్ నెమ్మదిగా నేర్పిస్తుంది, సిల్క్‌సాంగ్‌కు ఆ ఓపిక తక్కువ. మొదట్లోనే ఒక్క దెబ్బకు రెండు ప్రాణాలు తీసేవాళ్లు ఎదురవుతారు. గాల్లోంచి కిందికి కొట్టే దెబ్బ మొదట్లో ఏటవాలుగా వెళ్తుంది, దానికి చేయి అలవాటు పడాలి. హాలో నైట్ పూర్తి చేసి ఆ చేత్తోనే దీనికి రండి. హాలో నైట్ మొదలుపెట్టగానే దిక్సూచి కొనండి, దారి తప్పితే ఇక్కడే రాయండి. ఎటు వెళ్లాలో చెప్పను గానీ, ఎటు వైపు ఇంకా చూడలేదో అడుగుతాను.

నీలిగవ్వ:
ఓబ్రా డిన్‌లో ఎక్కడైనా ఆగిపోతే నన్ను అడగండి, నేనూ అంతే. జవాబు ఇవ్వను, ఏ క్షణాన్ని మళ్లీ చూడాలో మాత్రం చెప్తాను.